పెద్దమ్మి తూము మూసిన రోజు

ఒకప్పుడు ఏ ప్రాణి ఒంట్లోనైనా మూత్రపిండాలకు బయటి సంగతి ఒక్కటీ తెలిసేది కాదు. వెన్ను పక్కన కొవ్వు పరుపు మీద, లోకానికి వీపు పెట్టి కూర్చునేవి. నెత్తురు వస్తే వడకట్టడం, ఎక్కువైన నీళ్లు తూములోంచి వదలడం, అంతే వాటి పని.

ఆ రోజుల్లో ఒక దుప్పి ఒంట్లో పెద్దమ్మి, చిన్నమ్మి అని ఇద్దరు మూత్రపిండాల అక్కచెల్లెళ్లు ఉండేవాళ్లు. పెద్దమ్మికి తన పనంటే మహా గర్వం.

"నెత్తురు నెమ్మదిగా వస్తే నీళ్లు తక్కువని, తూము మూసెయ్యాలి. ఉరవడిగా వస్తే నీళ్లు ఎక్కువని, తెరిచెయ్యాలి. ఇందులో మెదడు పెద్దాయన్ని అడిగేదేముందే?" అనేది.

ఆ పెద్దాయనా తక్కువవాడేం కాదు. ఒంటి నిండా కబుర్లు మోసే నరాలు పరిచాడు గానీ, వీళ్ల దాకా ఒక్కటీ వెయ్యలేదు. "ఉచ్చ వడకట్టేవాళ్లకి కబుర్లెందుకు?" అన్నాడట. ఎంత మాటన్నాడో చూడండి!

ఒక ఎండాకాలం దుప్పి తన కూనను పొదలో దాచి మేతకు వచ్చింది. తల ఎత్తేసరికి ఎదురుగా చిరుత!

నరం బావ పరుగున వెళ్లి గుండె మామకు కబురు చెప్పాడు. మామ దడదడా కొట్టుకున్నాడు. దుప్పి ఒక్క దూకు దూకి పరుగందుకుంది.

లోపల పెద్దమ్మి ఉలిక్కిపడింది. పుట్టి బుద్ధెరిగి అంత ఉరవడి ఆమె చూడలేదు. గోడలు అదిరిపోతున్నాయి.

"అమ్మో, వరదే చిన్నమ్మీ! తెరువు, బార్లా తెరువు!"

"పొద్దుట్నుంచి చుక్క నీళ్లు తాగినట్టు లేదు కదక్కా..."

"నీకేం తెలుసు? చెప్పింది చెయ్యి!"

రెండు తూములూ తెరుచుకున్నాయి. ఎండకు అసలే తగ్గిన నీళ్లు బయటికి పోయాయి. దుప్పి వెనక దారి పొడుగునా తడి. చిరుతకు వాసన పట్టడం మరీ సులువైంది.

కాసేపటికి ఉరవడి తగ్గింది. "చూశావా, వరద తీసింది" అంది పెద్దమ్మి. ఇంకా తగ్గింది. మరీ తగ్గింది. దుప్పి ఒక బండ చాటున కూలబడింది. పైన మామ చప్పుడు వినిపించీ వినిపించకుండా అయిపోయింది. పెద్దమ్మి తూము మూయడం కూడా మరిచి, ఆ చప్పుడుకే చెవొగ్గింది.

అప్పుడు నెత్తురు కాలువ గట్టు పట్టుకుని పాకుతూ వచ్చిపడ్డాడు నరం బావ.

"ఒసే, వరదెక్కడిదే? అది చిరుత!"

"చిరుతంటే ఏంటి బావా?"

బావ నిర్ఘాంతపోయాడు. ఒకే ఒంట్లో ఉండి ఈ పిల్లలకు చిరుత అంటేనే తెలియదా!

"చిరుతంటే చావే తల్లీ. తప్పించుకోడానికి మామ ఉన్న నెత్తుర్నే ఉరికిస్తుంటే, నువ్వు నీళ్లన్నీ పారబోశావు. అక్కడ పొదలో కూన ఎదురుచూస్తోంది."

ఉరవడి అంటే నీళ్లేననుకుంది పెద్దమ్మి ఇన్నాళ్లూ. భయానికీ ఉరవడి ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు గనక?

"మూసెయ్ చిన్నమ్మీ!" అని అరిచింది. బావ కూడా చెయ్యేసి తూములు బిగించాడు. అక్కచెల్లెళ్లు మిగిలిన ఉప్పునూ నీళ్లనూ తిరిగి నెత్తురులోకి తోశారు. "నాళాలన్నీ బిగబట్టండి" అని నెత్తురు వెంటే ఒళ్లంతా కబురంపారు.

మామకు కాస్త నెత్తురందింది. ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. దుప్పి వణుకుతూ లేచి వెళ్లిపోయింది. బండ దగ్గరే తడి ఆగిపోవడంతో చిరుత చుట్టూ తిరిగి తిరిగి, దారి తెలియక వెనక్కి పోయింది.

దుప్పి వాగులో నీళ్లు తాగి, కూనను నాకుతూ నిలబడ్డాక బావ పట్టు వదిలాడు. అప్పుడుగానీ పెద్దమ్మి తూము తెరవలేదు.

మెదడు పెద్దాయన సిగ్గుపడి, "బావా, నువ్విక అక్కడే ఉండిపో" అన్నాడు.

భయమేస్తే తడుపుకుంటారుగా అని నవ్వకండి. అది కింద ఉచ్చ సంచిలో అప్పటికే చేరిన నీళ్లు ఒలకడం. అక్కచెల్లెళ్లను అనకండి.

అప్పటినుంచే నరం నెత్తురు కాలువను అంటిపెట్టుకుని మూత్రపిండాల దాకా వెళ్తుంది. ప్రాణి హడలిపోగానే అవి తూములు బిగిస్తాయి, భయం తీరాకే వదులుతాయి. ఊరికే హడలిపోయేవాళ్ల ఒంట్లోనూ పెద్దమ్మి తూము బిగించుకునే కూర్చుంటుంది. చిరుత లేదని ఆమెకేం తెలుసు, పాపం? బయట ఏముందో కనపడదుగా.