గొడుగు కింద పసుపు గౌను

ఎక్కడికి వెళ్లినా పదిమందికంటే ముందు చోటు ఆపుకుంటే గాని మనసు కుదుటపడని పానకాలు అనే ఆసామి సముద్రం లేని ఒక నగరంలో ఉండేవాడు.

బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద చేతిరుమాలు వేసేవాడు. పెళ్లి భోజనాల్లో తను ఒక కుర్చీలో కూర్చుని, అటొక చేయి ఇటొక చేయి చాపి, ఇంకా విడిదిలో కబుర్లాడుతున్న చుట్టాల కోసం పక్క కుర్చీలు ఆపేవాడు. "మనవాళ్లు వస్తున్నారండీ" అనేది అతని ఊతపదం. ఆ మనవాళ్లు ఒక్కోసారి వచ్చేవాళ్లు, ఒక్కోసారి వచ్చేవాళ్లే కారు. నిలబడ్డవాళ్లు మాత్రం పాపం నిలబడే ఉండేవాళ్లు. భార్య అనసూయ సిగ్గుపడి, "ఎందుకండీ ఈ గోల?" అంటే, "నీకు లోకం తెలియదు, ఊరుకో" అనేవాడు.

ఎండాకాలంలో జనం ఉడికిపోతున్నారని ఆ నగరంలో మునిసిపాలిటీవాళ్లు ఒక బీచ్ కట్టారు. బీచ్ కట్టడమేమిటని నవ్వకండి. పెద్ద మడుగు తవ్వించి, శుభ్రమైన నీళ్లు నింపి, చుట్టూ లారీలతో ఇసుక పోయించారు. తాటాకులతో పెద్దపెద్ద గొడుగులు నిలబెట్టారు. అలలు లేవన్నమాటే గాని, పిల్లలకు ఆ లోటే తెలిసేది కాదు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఒడ్డున బట్టలుండి మనిషి కనబడకపోతే, ఆ మనిషి నీళ్లలో ఉన్నట్టే కాపలావాళ్లు అనుకోవాలి. అందుకే బట్టలు వదిలి ఎటూ వెళ్లవద్దని మైకులో మాటిమాటికీ చెప్పేవాళ్లు. అలాంటివి చెవిన వేసుకునే రకం కాదు మన పానకాలు.

ఒక ఆదివారం అతను భార్యను, ఎనిమిదేళ్ల కూతురు హిమజను తర్వాతి బస్సులో రమ్మని, చోటు ఆపడానికి తను ముందుగా వచ్చేశాడు. నీళ్లకు దగ్గరగా ఉన్న మంచి గొడుగు చూసుకుని, దాని కింద తువ్వాలు పరిచాడు. ఉత్త తువ్వాలైతే ఎవరైనా పక్కకు లాగేస్తారని, సంచిలోంచి కూతురి పసుపు గౌను తీసి దాని మీద పెట్టాడు. పక్కనే ఆమె బుల్లి చెప్పులు కూడా జతగా పెట్టాడు.

అంతలో సీతారావమ్మ అనే ముసలావిడ, ఇసుకకు కాళ్లు కాలుతుంటే గబగబా అక్కడికి వచ్చింది. ఆవిడ కోడలు, మనవలు అప్పటికే నీళ్లలోకి దిగారు.

"నాయనా, ఈ నీడలో కాసేపు కూర్చోనా?" అని అడిగింది.

"చోటు లేదు పెద్దమ్మగారూ. ఇది మా పాపది."

"పాప ఏదీ?"

ఇంకా రాలేదంటే ఆవిడ కూర్చుంటుంది. పానకాలు తడుముకోకుండా, "నీళ్లలో ఉందండీ. ఇప్పుడే వచ్చేస్తుంది" అన్నాడు.

"అయ్యో, పిల్లదాని చోటా! తడిసి వణుక్కుంటూ వస్తుంది. ఉండనీలే" అంటూ ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని, పక్కనే ఎండలో కూర్చుంది.

పానకాలు తన తెలివికి తనే మురిసిపోతూ గేటు బయటికి వెళ్లాడు. బస్సు రాలేదు. బజ్జీల బండి కనబడింది. బండి దగ్గర తెలిసినాయన కనబడ్డాడు. ఇక వేళ తెలియలేదు.

ఇక్కడ సీతారావమ్మ చూపు ఆ చెప్పుల మీదనే ఉంది. మనవలు రెండుసార్లు ఒడ్డుకొచ్చి మళ్లీ దిగారు. పసుపు గౌను పిల్ల మాత్రం రాలేదు. తండ్రీ రాలేదు. ఆవిడ లేచి, కాపలా ఉన్న దేవదానం దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లింది.

"బాబూ, ఒక చిన్నపిల్ల నీళ్లలోకి దిగింది. ఇంతవరకూ రాలేదు!"

దేవదానం ఈల గట్టిగా మోగింది. అందరినీ ఒడ్డుకు రమ్మన్నారు. పిల్లలందరినీ ఇసుకలో కూర్చోబెట్టారు. కాపలావాళ్లు లోతులో మునిగి వెతికారు. మిగతా పెద్దవాళ్లు చేయీ చేయీ పట్టుకుని వరసగా, కాళ్లతో అడుగు తడుముతూ నడిచారు.

బజ్జీల పొట్లంతో తిరిగొచ్చిన పానకాలు ఇది చూసి, "ఏమైందండీ?" అన్నాడు.

"ఎవరో పాప మునిగిపోయిందట."

అతనూ ఆడపిల్ల తండ్రే. పొట్లం అక్కడే పడేసి నీళ్లలోకి దిగి, వరసలో చేయి కలిపాడు.

"ఎవరి పాపో పాపం!" అన్నాడు పక్కనున్న మనిషితో.

"తండ్రి వదిలేసి ఎటో పోయాడట. అదుగో, ఆ గొడుగు కింద పసుపు గౌను, చెప్పులు ఉన్నాయి చూడండి."

పానకాలు కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మెల్లగా ఒడ్డెక్కి గేటు దాటితే ఎవరికీ తెలియదు. గౌను పోతే ఇంకొకటి కొనవచ్చు. అతను చేయి విడిపించుకోబోయాడు. అప్పుడు వరస చివర సీతారావమ్మ కనబడింది. చీరంతా తడిసి, నడుంలోతు నీళ్లలో వంగి, చేతులతో తడుముతూ, "తల్లీ! ఎక్కడున్నావే తల్లీ!" అని ఏడుస్తోంది.

అతను ఇక కదలలేకపోయాడు.

"ఆపండి! నీళ్లలో ఏ పాపా లేదు. చోటు కోసం నేనే అబద్ధమాడాను. మా పాప ఇంకా రానేలేదు" అని అరిచాడు.

జనం అతని మీద విరుచుకుపడ్డారు. దేవదానం మాత్రం నీళ్లు కారుతూ ఎదురుగా నిలబడి, "మునిగినప్పుడల్లా చేతికి ఏం తగులుతుందోనని చచ్చిపోయానయ్యా" అన్నాడు. ఆ ఒక్క మాటకే పానకాలు తల వాలిపోయింది.

సీతారావమ్మ తిట్టలేదు. "పాప బాగానే ఉందిగా? నిజం చెప్పు నాయనా" అని మళ్లీ మళ్లీ అడిగి, తడి ఇసుకలో కూలబడిపోయింది. దారిలో బస్సు చెడిపోయి ఆలస్యమైన అనసూయ, హిమజ అప్పుడే గేటు దాటి వచ్చారు. సీతారావమ్మ హిమజను దగ్గరికి తీసుకుని, తల నిమిరి, మరికాసేపు ఏడ్చింది. ఎందుకేడుస్తోందో తెలియక హిమజ తండ్రి మొహం చూసింది.

పానకాలు గబగబా గౌను, తువ్వాలు తీసేసి, "పెద్దమ్మగారూ, ఇలా వచ్చి నీడలో కూర్చోండి" అన్నాడు.

ఆవిడ ఆకాశం వంక చూసింది.

"ఇప్పుడు నీడెందుకు నాయనా? పొద్దు వాలిపోయింది" అంది.

పిల్లలూ, మనకు అక్కర్లేని వేళ కూడా ఇతరులకు దక్కకుండా ఆపుకున్న చోటు ఎవరికీ పనికిరాదు. దాని కోసం ఆడిన చిన్న అబద్ధమే మంచివాళ్లను ఎక్కువగా ఏడిపిస్తుంది.