ఒక్క మెడ తీర్మానం

గుంటుపాలెంలో తెలివైనవాళ్ళకు కొదవ లేదు. ఈ మాట అన్నది గుంటుపాలెం వాళ్ళే. వాళ్ళలోకెల్లా తెలివైనవాడు తాతబ్బాయి, ఎగువ నీటి సంఘానికి అధ్యక్షుడు. ఏ మాటనైనా విడగొట్టి అర్థం చెప్పేస్తాడు. దిగువ నీటి సంఘానికి అతని భార్య పైడమ్మ అధ్యక్షురాలు. మా ఆయన చెప్పాక ఇంక ఆ మాటకు తిరుగు లేదనేది ఆవిడ.

ఆ ఏడు పైఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. రెండు సంఘాలూ చట్టప్రకారం ఒక్కటైతేనే తూము ఎత్తి నీళ్ళు వదులుతారట. గడువు వారం. తాతబ్బాయి నారుమడి అప్పటికే పసుపు తిరిగింది. ఆ నారు పోతే మళ్ళీ పోయడానికి ఇంట్లో విత్తనం లేదు. రోజూ పొద్దున్నే మడి దగ్గర కూర్చుని దిగులుపడేవాడు.

నోటీసు పదిమంది కళ్ళల్లో పడేలా అంటించాలని కాగితంలో ఉంది. అంతే, పైడమ్మ మైదా ఉడికించింది. తాతబ్బాయి సరిగ్గా పదిమందిని వరసగా కూర్చోబెట్టి కళ్ళమీద నోటీసులు అంటించేశాడు. పదకొండోవాడు వచ్చి నాకూ అంటించమని బతిమాలితే, చట్టం ఒప్పుకోదని పంపేశాడు. ఇంకేముంది, ఆ పదిమందీ ఇంటిదారి కానరాక ఒకరి పంచె ఒకరు పట్టుకుని వెళ్ళి పేడకుప్పలో దిగారు.

సంఘాల మధ్య హద్దులు చెరిపేయాలని కూడా ఉంది. పారలు తెచ్చి తాతబ్బాయి మడిని ఆనుకుని ఉన్న హద్దుగట్టంతా చెరిపేశారు. మడిలో మిగిలిన ఆ కాసిని నీళ్ళూ బాట మీదికి పోయాయి. తాతబ్బాయికి గుండె కలుక్కుమంది గానీ, చట్టం చట్టమే కదా అని ఊరుకున్నాడు.

ఆఖరిది, సభ్యులంతా ఏకగ్రీవంగా తీర్మానించాలి. ఇక్కడ తాతబ్బాయి చదువు అక్కరకొచ్చింది.

"ఏక అంటే ఒకటి. గ్రీవం అంటే మెడ. మనకి పద్నాలుగు మెడలున్నాయి, చెల్లదు," అన్నాడు.

"మరి తతిమ్మా పదమూడూ ఏం చేద్దామండీ?" అంది పైడమ్మ.

కోసేద్దామని ఎవరో అన్నారు గానీ, ఎవరి మెడ ఉంచాలో తేలక మానేశారు. చివరికి ట్రాక్టరు ట్యూబు తెచ్చి పద్నాలుగు తలలూ అందులో దూర్చారు. ఒకడు తుమ్మితే సంఘం మొత్తం ఊగింది.

సరిగ్గా అప్పుడే పైఆఫీసు ఇంజనీరుగారు జీపు దిగారు. ట్యూబు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. ఆ తర్వాత నవ్వాపుకోలేక, ఇంతగా కలిసిపోయిన సంఘాలను తన సర్వీసులో చూడలేదన్నారు. ట్యూబు కోయించి, అందరిచేతా వేలిముద్రలు వేయించి, ఉత్తర్వు మీద సంతకం పెట్టేశారు.

"ఈ కాగితం లస్కరుకి చూపించండి, తూము ఎత్తుతాడు. ఇక మీరంతా ఈ మాట మీద నిలబడాలి సుమా," అని చెప్పి వెళ్ళిపోయారు. తాతబ్బాయికి సంతోషంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సాయంత్రం తూము ఎత్తే లస్కరు వచ్చాడు. చెరిపేసిన గట్టు బురదలో పద్నాలుగు మందీ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. ఉత్తర్వు ఏదని అడిగితే కాళ్ళకింద ఉందన్నారు. ఒక్కసారి దిగండి, చూసి ఇప్పుడే తూము ఎత్తేస్తానన్నాడు.

తాతబ్బాయి ఎండిపోతున్న నారుకేసి చూశాడు. తూముకు అవతల నిలిచిన నీళ్ళకేసీ చూశాడు.

"ఎలా దిగుతాం బాబూ, మాట తప్పినవాళ్ళమవుతాం గదా," అన్నాడు.

పైడమ్మకు లస్కరు మీద జాలేసింది. కాలు కాస్త పక్కకు జరిపింది.

"చూడాలనుంటే నువ్వూ ఎక్కు నాయనా. నా మడమ పక్కన కాస్త చోటుంది," అంది.