సన్నాయి దాలయ్య నోటి కుట్టు

కృపావరంగారి దగ్గర పళ్ళ వైద్యం నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు మొదట తెలిసే సంగతి ఒకటుంది. ఆయన ప్రశ్నకు జవాబు చెప్పరు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగిస్తారు. ఆ పని అయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి ప్రశ్నే మారిపోయేది. విసుగెత్తి వేరే ఆసుపత్రికి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆయన వాళ్ళను ఆపలేదు.

నీలాద్రి వెళ్ళిపోయే రకం కాదు. చేతిపని శుభ్రంగా ఉండేది, పుస్తకం మీద గురి ఎక్కువ. ఒక ఉదయం రోగులు రాకముందే గురువుగారి ఎదుట నిలబడి అడిగాడు.

"సార్, నోట్లో కుట్లు వేయడానికి ఏ దారం మంచిది?"

ఊరికే అడగలేదు. ఆ ప్రశ్న వెనుక దాలయ్య ఉన్నాడు.

దాలయ్య పెళ్ళిళ్ళకూ దేవుడి కల్యాణాలకూ సన్నాయి ఊదే మనిషి. వేరే ఎక్కడో పై దవడలో వెనక పన్ను పీకించుకున్నాడు. పన్ను పోయినచోట కన్నం పడి, చెంప ఎముకలో, ముక్కులోకి తెరుచుకునే గుల్లదాకా దారి ఏర్పడింది. నీళ్ళు తాగితే ముక్కులోంచి కారేవి. అది ఓర్చుకున్నాడు. సన్నాయి ఊదబోతే గాలి సగం ముక్కుదారిన పోయి పాట మధ్యలో తెగిపోయేది. అది ఓర్చుకోలేకపోయాడు. చెంప లోపలి కండను జరిపి, కన్నం మీద కప్పి కుట్టాలి. కుట్టు నిలిస్తేనే మళ్ళీ సన్నాయి.

నీలాద్రి మొదట పట్టుదారంతో కుట్టాడు. మెత్తగా ఉంటుంది, ముడి జారదు. అయితే అది సన్నని పోగులు కలిపి అల్లిన దారం. పోగుల సందుల్లోకి ఉమ్మి ఎక్కింది, దానితోపాటు నోట్లోని మురికీ ఎక్కింది. కండ ఎర్రబడి, వాచి, కుట్టు చుట్టూ వదులైపోయింది. కన్నం తెరుచుకుంది. రెండోసారి నైలాను దారం వాడాడు. ఒకటే పోగు, దేన్నీ పీల్చదు. పుస్తకంలో రాసినట్టే కండ ఏ వాపూ లేకుండా గులాబిరంగులో ఉంది. నీలాద్రి సంతోషించాడు. ఆ తర్వాత చూసేసరికి ముడి లేదు. కుట్టు ఒక మూల నుంచి విడిపోయి ఉంది.

"ఏం చేశావయ్యా?" అని గట్టిగానే అడిగాడు.

"నానేటీ సెయ్యలేదు బాబూ. నాలిక ఊరుకోలేదు" అన్నాడు దాలయ్య.

పక్కనున్న భార్య ముత్యాలు అందుకుంది. "ఊదొద్దన్నారు, మానేసినాడు. సన్నాయి అటకెక్కించీసినాను. నాలికని కూడా అటకెక్కించమంటారేటి?"

దాలయ్య నవ్వబోయి, నొప్పికి చెంప పట్టుకున్నాడు. నీలాద్రికి నవ్వు రాలేదు. జరపడానికి చెంపలో కండ ఇక ఒక్కసారికే మిగిలి ఉంది. ఈసారీ విడిపోతే దాలయ్య ఊదడం అన్నది ఉండదు.

నీలాద్రి చెప్పిన ఇదంతా కృపావరంగారు విన్నారు. విని, రోగులు కూర్చునే కుర్చీ చూపించారు.

"కూర్చో. నోరు తెరు."

నీలాద్రి నోట్లో ఎడమవైపు ఒక పంటి చుట్టూ చిగురు అంచున పట్టుదారం కట్టారు. కుడివైపు నైలాను కట్టారు. నైలాను కొసలు సరిగ్గా నీలాద్రి ఎప్పుడూ కత్తిరించే పొడవునే కత్తిరించారు. "వీటిని ముట్టుకోకుండా నీ పని నువ్వు చేసుకో" అన్నారు.

మొదట నీలాద్రి పట్టుదారాన్ని మెచ్చుకున్నాడు. అది నోట్లో ఉన్నట్టే తెలియలేదు. నైలాను కొస మాత్రం ముల్లులా తగిలేది. నాలుకను దూరంగా ఉంచాలని అనుకునేవాడు. అనుకున్నంతసేపూ ఉండేది. రోగితో మాట్లాడుతుంటేనో, చేతులు కడుక్కుంటుంటేనో మళ్ళీ అక్కడికే పోయేది.

"ఏం డాక్టరుగారూ, చేప ముల్లు ఇరుక్కుందా? పొద్దుట్నుంచీ దవడ ఆడిస్తూనే ఉన్నారు" అంది నర్సు రోజ్‌మణి.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆవు నెమరేసినట్టు ఆ నమలడం ఏమిటండీ? మందుల గదిలో అందరూ చూసి నవ్వుతున్నారు."

రోజులు గడిచేకొద్దీ పట్టుదారం తన గుణం చూపించింది. అటువైపు చిగురు ఉబ్బి, బ్రష్షు తగిలితే నెత్తురొచ్చేది. తన నోటి వాసన తనకే తెలిసేది. నైలాను వైపు చిగురుకు ఏమీ కాలేదు. నాలుక అంచు మాత్రం పుండైంది.

ఆ వారంలోనే దాలయ్య నోరు చూపించుకోవడానికి వచ్చాడు. నీలాద్రి కాగితం మీద వివరాలు రాసుకుంటూ, నోట్లో చెయ్యి పెట్టుకోకూడదని అతనికి మళ్ళీ ఒకసారి బోధిస్తున్నాడు. బోధిస్తూ బోధిస్తూ ఆగిపోయాడు. ఎడమచేతి గోళ్ళ మధ్య చిన్న నైలాను ముడి ఉంది. ఎప్పుడు లాగేశాడో తనకే తెలియదు.

దాలయ్య ఆ ముడివంక చూశాడు. వెక్కిరించలేదు. ఒంట్లో బాగాలేని చుట్టాన్ని పలకరించినట్టు అడిగాడు. "తమరిది కూడా ఊరుకోలేదా బాబూ?"

నీలాద్రి లేచి గురువుగారి గదికి వెళ్ళి ఆ ముడిని బల్ల మీద పెట్టాడు.

"సార్, తప్పు ఆయనది కాదు."

"దారానిదా?"

"దానిదీ కాదు."

కృపావరంగారు పట్టుదారం విప్పి తీసేశారు. ఉబ్బిన చిగురును అద్దంలో చూపించారు. "అయితే వెళ్ళి కుట్టు" అన్నారు.

ఈసారి నీలాద్రి వెంటనే సూది పట్టుకోలేదు. దాలయ్యను ఎదురుగా కూర్చోబెట్టి, "దాలయ్యగారూ, సన్నాయి పట్టుకునే ముందు నోటితో ఏమేం చేస్తారో ఒకసారి చేసి చూపించండి" అన్నాడు. దాలయ్య జేబులోంచి, సన్నాయి కొసన పెట్టి ఊదే రెల్లు పీక తీశాడు. దాన్ని నోట్లో తడిపాడు. నాలుక కొసతో చుట్టూ తడిమి, ఎక్కడో లేచిన పీచును పట్టుకుని బయటికి తోసేశాడు. చిన్నప్పటినుంచీ ఆ నాలుకకు నేర్పిన పని అదే. నోట్లో ఏ పీచు తగిలినా ఊరుకోకూడదు. నీలాద్రి లైటు వేసి ఆ నాలుక ఎక్కడిదాకా అందుతుందో, ఎక్కడ అందదో చూసుకున్నాడు.

తర్వాత, కొన్నాళ్ళకు తనంతట తానే కరిగిపోయే మెత్తని దారం తీసుకున్నాడు. అదీ అల్లిన దారమే, కాకపోతే ఉమ్మి ఎక్కకుండా పైన పూత ఉంటుంది. ముడులన్నీ నాలుక అందని చోట, చెంపవైపుకు తిప్పి వేశాడు. రోజూ ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని, పుక్కిలించకుండా తలవంచి వదిలేయమన్నాడు. వదిలేయించే బాధ్యత ముత్యాలుకు అప్పగించాడు. ఆమె ఆ బాధ్యతను పోలీసులా నెరవేర్చింది. ఆ దారానికీ దాని గుణం దానికుంది. కరిగేటప్పుడు చుట్టూ కండ కొంచెం ఎర్రబారింది. నీలాద్రి భయపడ్డాడు. గురువుగారు చూసి, మరో రోగి దగ్గరికి వెళ్ళిపోయారు. ఎరుపు దానంతటదే తగ్గింది.

దారం పూర్తిగా పోయాక దాలయ్యను పిలిపించారు. నీలాద్రి కొంచెం దూది తీసి, దారంలా సన్నగా చేసి అతని ముక్కు కింద పట్టుకున్నాడు. నోరు మూసుకుని బుగ్గలు నిండా పూరించమన్నాడు. దాలయ్య బుగ్గలు పూరించాడు. ముత్యాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దూది కదల్లేదు.

"ఊదొచ్చా బాబూ?" అన్నాడు దాలయ్య.

"ఊదండి. మొదట మెల్లగా."

ముత్యాలు కళ్ళు తుడుచుకుంటూ, "మెల్లగా ఊదడం ఈయనకెప్పుడొస్తాది" అంది.

గురువుగారు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. నీలాద్రి ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"సార్, నేనడిగింది అలాగే ఉండిపోయింది. ఇంతకీ ఏ దారం మంచిది?"

దాలయ్య అప్పటికే కుర్చీ దిగి చెప్పులు వేసుకుంటున్నాడు. నోరు మూసుకునే ఉంది, కానీ కుట్టు ఉండిన వైపు చెంప మెల్లగా కదులుతోంది. కృపావరంగారు అటు చూపించారు.

"ఆయన నాలుక ఆ దారం కోసం ఇంకా వెతుకుతూనే ఉంది చూడు. దానికి దొరికితే, ఏ దారం మంచిదో అదే చెబుతుంది."