వలీ గారి టీ టికెట్

ఉదయం తొమ్మిదీ నలభైకి హిమజ బ్యాగు కుర్చీకి తగిలించి, నిలబడి ఉండగానే ల్యాప్‌టాప్ తెరిచి, పూర్తికాని పనుల జాబితాకి రెండు ఫిల్టర్లు పెట్టింది. టీమ్ ఏరియా: నిల్వలు. స్ప్రింట్, అంటే పని విడత: పద్నాలుగు. జాబితా ఖాళీగా వచ్చింది. కింద ఒక్కటే అంకె. సున్నా.

ఆమె కూర్చోలేదు. కూర్చోబుద్ధి కాలేదు.

పదకొండింటికి విడుదల. ఐదు జిల్లాల రక్తనిధుల్ని కలిపే సాఫ్ట్‌వేర్ అది. ఏ గ్రూపు రక్తం ఏ ఊళ్ళో ఎన్ని సంచులుందో ఆసుపత్రుల వాళ్ళు ఫోన్లో చూసుకోవచ్చు. విశాఖపట్నంలోని ఆ ఆఫీసులో నిల్వలు, సందేశాలు, రిపోర్టులు అని మూడు టీములు ఎనిమిది నెలలు పనిచేశాయి. ఆఖరి రెండు నెలలూ మూడింటినీ నడిపింది హిమజ. ఇరవై ఏడేళ్ళ వయసులో ఆమెకిది మొదటి పెత్తనం.

శుభ్రమంటే ఆమెకి ప్రాణం. నెల మొదట్లో కూర్చుని, ఎవరూ వాడని, 'పైలట్' లాంటి పాత ఏరియాల పేర్లు పదకొండు ఏరిపారేసింది. "పనుల బోర్డు అద్దంలా ఉంది" అని మేనేజర్ కామేశ్వరి గారు అందరికీ మెయిల్ పెట్టారు. ఆ మెయిల్ హిమజ నాలుగుసార్లు చదువుకుంది.

ఇక మిగిలింది ఒక్క మాట. మస్తాన్ వలీ గారు 'సరే' అనాలి. అరవైకి దగ్గరపడ్డ మనిషి, టెస్టింగ్ ఆయనది. ఒకప్పుడు నరసరావుపేటలో ట్యూషన్లు చెప్పేవారు గనక ఆఫీసులో అందరూ మాస్టారనే పిలుస్తారు. హిమజకి మాత్రం నిజంగానే మాస్టారు. టికెట్ రాయడం, అంటే కనబడ్డ తప్పునో కావలసిన పనినో చీటీలా నమోదు చెయ్యడం, ఎదుటివాళ్ళు రాసింది ఓపిగ్గా చదవడం ఆయన దగ్గరే నేర్చుకుంది.

ల్యాప్‌టాప్ రెండు చేతులా ఎత్తుకుని పరుగులాంటి నడకతో వెళ్ళింది.

"మాస్టారూ, సున్నా!"

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూశారు. "మిగతా టీములు?"

"ఏరియా మార్చి మార్చి చూశాను. సందేశాలు, సున్నా. రిపోర్టులు, సున్నా. మీరు ఊఁ అనండి, కామేశ్వరి గారికి ఫోన్ కొట్టేస్తా. విజయవాడలో విడుదల సభకి వేదిక కట్టేసి కూచున్నారు."

వలీ గారు ఊఁ అనలేదు. జేబులోంచి ఫోన్ తీసి, ఒంటివేలితో ఏదో కొట్టడం మొదలుపెట్టారు. గోడ గడియారం తొమ్మిదీ నలభై ఎనిమిది చూపిస్తోంది.

"ఏం రాస్తున్నారు?"

"టికెట్."

హిమజ ల్యాప్‌టాప్ ఆయన బల్ల మీద దించింది. "ఇప్పుడా! ఏం తప్పు దొరికింది?"

"తప్పు కాదమ్మాయ్, అవసరం." ఆయన ఆఖరి అక్షరం నొక్కారు. "పంపాను. వచ్చిందేమో చూడు."

హిమజ పేజీని మళ్ళీ తెరిచింది. సున్నా.

"రాలేదు."

"రిపోర్టుల వాళ్ళనడుగు."

"ఫణీంద్రా! మీకేమన్నా కొత్త టికెట్ వచ్చిందా?"

"రాలేదు తల్లీ! దిష్టి పెట్టకు. ఇక్కడ లడ్డూల పెట్టె విప్పుతున్నాం."

సందేశాల టీమ్ నుంచి మేరీ సుజాత అడక్కుండానే పలికింది. "మా దగ్గరా లేదు. మీలో ఎవరిదో అయ్యుంటుంది!"

"మీ ఫోన్లో నెట్ లేదేమో మాస్టారూ" అంది హిమజ.

ఆయన ఫోన్ ఇటు తిప్పారు. 'టికెట్ 2316 నమోదైంది. ధన్యవాదాలు.'

హిమజ కాసేపు ఆ అంకెనే చూసింది. తర్వాత ఏరియా ఫిల్టర్ తీసేసింది. రాలేదు. స్ప్రింట్ ఫిల్టర్ కూడా తీసేసింది.

తెర నిండిపోయింది. అన్నిటికన్నా పైన ఉంది 2316.

'వలీకి టీ కావాలి. చక్కెర ఒక చెంచా.' ఏరియా: ఖాళీ. స్ప్రింట్: ఖాళీ.

పకపకా నవ్వింది. నవ్వుతూనే కిందికి చూసింది. నవ్వు ఆగిపోయింది.

తర్వాతి స్ప్రింట్లకని పక్కన పెట్టినవి తీసేసినా, ఏ టీముకీ చెందనివి ఇంకా ఇరవై ఆరున్నాయి.

నిలబడే చదివింది. చాలావరకు చిన్నవి. రంగు బాగాలేదని, ఊరి పేరులో దీర్ఘం లేదని. పంతొమ్మిదోది 1874. పంపినవారు: అప్పలసూరి, లాబ్ టెక్నీషియన్. పార్వతీపురం వైపు ఓ చిన్న రక్తనిధి. అందరికన్నా ముందు, పైలట్‌గా, ఈ సాఫ్ట్‌వేర్ వాడి చూసింది వాళ్ళే.

'అత్యవసరంగా ఇచ్చేసిన ఓ-నెగటివ్ గ్రూపు సంచి ఇంకా నిల్వలో ఉన్నట్టే చూపిస్తోంది.'

ఇరవై మూడు రోజుల పాతది. దాని కింద ఆయనే రాసిన మూడు వ్యాఖ్యలు.

'చూస్తున్నామన్నారు. ఏమైందండీ?'

'ఇవాళ కూడా అలాగే ఉంది.'

'ఎవరైనా ఉన్నారా?'

పదకొండు దాటాక ఎవరో ఒకరు ఆ సంచిని ఫోన్లో చూస్తారు. పక్క ఊరికి వెళ్ళకుండా ఆ చిన్న రక్తనిధికే బండి కట్టుకుని వెళ్తారు. అక్కడ సంచి ఉండదు.

"ఏరియా రాయలేదు మాస్టారూ ఈయన!" హిమజ గొంతు కీచుమంది. "ఒక్క ముక్క రాసుంటే మొదటిరోజే దొరికేది కదా!"

వలీ గారు కళ్ళజోడు కిందికి దించుకున్నారు. "ఫోన్ చెయ్యి" అన్నారు.

చేసింది.

"మేడమ్, పదకొండింటికి వద్దు."

"హిమజా, ఇక్కడ పూలదండలు కట్టేశారే."

"నాలుగింటికి ఇస్తాను."

"ఇవ్వలేకపోతే?"

"ఆ వేదిక మీదికి వీడియోలో నేనే వచ్చి చెబుతాను, తప్పు మాదని."

అటువైపు ఎవరో మైకు సరిచూస్తున్నారు. కాసేపటికి, "నాలుగు" అన్నారు కామేశ్వరి గారు.

లడ్డూల పెట్టె మూతపడింది. మూడు టీములూ ఒకే బల్ల చుట్టూ చేరాయి. 'మాది కాదు' అన్న మాట ఆ పూట మళ్ళీ వినిపించలేదు. తప్పు ఎక్కడుందో పన్నెండున్నరకి ఫణీంద్ర పట్టుకున్నాడు. అత్యవసరంగా ఇచ్చిన సంచుల్ని నిల్వలోంచి తీసేసే చోట కోడులో ఒక వరుస తప్పిపోయింది. దాన్ని రాస్తే ఇంకోటి చెడింది. అది బాగుచేస్తే మొదటిది మళ్ళీ వచ్చింది. అప్పలసూరి ఫోన్లోనే ఉన్నాడు, స్పీకర్ మీద.

"మళ్ళీ చూడండన్నా."

"ఉందమ్మా ఇంకా."

"ఇప్పుడు?"

"ఉంది."

"ఇప్పుడో?"

అటువైపు మౌస్ నొక్కిన చప్పుడు. తర్వాత స్పీకర్ అదిరింది.

"పోయింది! పోయిందమ్మా, పోయింది!"

బల్ల చుట్టూ కేకలు, చప్పట్లు. అటువైపు ఎవరో ఆదుర్దాగా "ఎవరు పోయారు సూరీ?" అని అడగడం, "ఎవరూ పోలేదు, ఉండు బాబూ" అని ఆయన కసురుకోవడం వినబడి మేరీ సుజాత కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. టైం మూడూ ఇరవై.

ఫోన్ పెట్టేసే ముందు హిమజ మెత్తగానే చెప్పింది. "అన్నా, ఇకమీదట టికెట్ పెట్టేటప్పుడు ఏరియా తప్పకుండా నింపండి. లేకపోతే మాకు కనబడదు."

ఆయన కొంచెం ఆగాడు.

"అలాగేనమ్మా" అన్నాడు.

సరిగ్గా నాలుగింటికి విజయవాడలో బటన్ నొక్కారు. ఐదు జిల్లాలూ ఒక్కొక్కటే తెర మీద ఆకుపచ్చగా వెలిగాయి. లడ్డూలు నిమిషంలో అయిపోయాయి. హిమజ ఆ గోలలోంచి బయటపడి, క్యాంటీన్ నుంచి గ్లాసుడు టీ తెచ్చి వలీ గారి ముందు పెట్టింది. చక్కెర ఒక చెంచా.

"మీకు ముందే తెలుసు కదూ మాస్టారూ?"

"నాకు టీ కావాలని తెలుసు." ఆయన గ్లాసు అందుకున్నారు. "వచ్చింది. ఆ టికెట్ మూసెయ్యి."

ఐదు రోజుల తర్వాత, నివేదిక రాయడానికి హిమజ 1874 మార్పుల చరిత్ర తెరిచింది. రెండే వరుసలు చదివింది. ఒకటో తేదీన అప్పలసూరి పంపినప్పుడు ఏరియా అన్నచోట 'పైలట్' అని రాసే ఉంది. దాని పై వరుసలో, ఐదో తేదీ, ఉదయం తొమ్మిదీ నలభై ఒకటి. ఏరియా: 'పైలట్' నుంచి ఖాళీకి. మార్చినవారు: హిమజ.