రాజుగారి నోట్లో మొదటి ముక్క

ఇటలీ దేశపు కొండల నడుమ ఒకానొక బుల్లి రాజ్యాన్ని గాల్దీనో అనే రాజు ఏలుతుండేవాడు. ఆయన ఒక వైద్యగ్రంథం చదివాడు. ఒక్కటే! ఆనాటినుంచి కనబడ్డవాడికల్లా పథ్యం చెప్పడమే పని.

అక్కడ ఏటా జరిగే సంతలో ఓర్సోలా అనే వంటకత్తె పొర్కెట్టా కాల్చేది. ఎముకలు తీసిన పందిమాంసంలో ఉప్పు, వెల్లుల్లి, సోంపు, మిరియాలు కూరి, కొవ్వూ తోలూ పైకి వచ్చేలా చుట్టి, తాడుతో బిగించి కట్టెల పొయ్యిలో పెట్టేది. కాలిన తోలు అప్పడంలా పెళపెళలాడేది.

రాజు ఆమెను పిలిపించాడు.

"కొవ్వు విషం. తోలు మహావిషం. రెండూ ఒలిచేసి కాల్చు. లేదా నీ పొయ్యి పగలగొట్టిస్తాను."

"చిత్తం ప్రభూ. ఈసారికి మీరు చెప్పినట్టే కాలుస్తాను. కానీ మా అమ్మమ్మ పద్ధతే మేలని సంతలో మీతో వాదిస్తాను. మీరు మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే మొదలు. ఓడితే పొయ్యి నేనే పగలగొడతాను."

"వాదమా? నాతోనా?" రాజు మీసం దువ్వాడు. "కానివ్వు!"

ఆ సంతలో మొదటి ముక్క రాజుది. అది మింగేదాకా ఆయన మాట్లాడకూడదు, ఉమ్మకూడదు. తాతలనాటి ఆచారం. వాదంలో గెలుస్తానన్న ధీమాలో రాజు ఆ సంగతే మరిచాడు.

సంతరోజు వచ్చింది. కొవ్వు లేని మాంసం కాలి కాలి చెక్కలా బిగుసుకుపోయింది. రాజు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు.

"పందిమాంసం బలమిస్తుందా? ఇస్తుంది. ప్రభువులు కాదనలేదు, విన్నారా?" అంది ఓర్సోలా.

"ఊఁ... ఊఁ..."

"కొవ్వు కరిగి మాంసాన్ని తడిపితేనే అది మెత్తబడుతుంది. దీనికీ అడ్డు చెప్పలేదు!"

జనం కిసుక్కుమన్నారు. రాజు చేతులు ఊపాడు గానీ దవడలు ఆగలేదు.

"కొవ్వూ ఉప్పూ ఎక్కువే, ఒప్పుకుంటాను. అందుకే మా అమ్మమ్మ ఒక్క పలచటి ముక్క, రొట్టె, గుప్పెడు చేదు ఆకుకూర పెట్టేది. మరి నిరుడు తమరెన్ని ముక్కలు తిన్నారు ప్రభూ?"

రాజు తల దించుకున్నాడు. వెనకనుంచి రాణిగారు ఎనిమిది వేళ్లు చూపారు.

"ఎనిమిది! తప్పు మీ పళ్లెందైతే శిక్ష నా పొయ్యికా?"

సంతంతా గొల్లుమంది. ఎట్టకేలకు రాజు గుటక వేశాడు.

"నీళ్లు!" అన్నాడు రాజు. తాగి, పకపకా నవ్వాడు. "ఓడాను తల్లీ! నీ పొయ్యి నీదే. ఇదిగో, నా వెండి కత్తి కూడా నీదే. ఇకమీదట నా ముక్క నువ్వే కొయ్యి."

మరుసటి ఏడు రాజు మెల్లగా అడిగాడు. "కాస్త మందంగా కోయకూడదూ?"

"నిరుటి మాంసం మిగిలే ఉంది ప్రభూ. అందులోంచి కోయనా?"

రాజు గబగబా పలచటి ముక్కే అందుకున్నాడు.