తొట్టిలో రాజుగారి ఉప్పు

సముద్రాన్ని ఎన్నడూ చూడని ఒక రాజుగారికి సముద్రపు గుర్రాలు కావలసి వచ్చాయి. రాజుగారి సరదా కదా, ఇంకేముంది! తీరం నుంచి ఒక వర్తకుడు గాజు తొట్టి, దానికి సరిపడా సముద్రపు నీళ్లు, ఒక జాడీ నిండా ఈగంతేసి రొయ్యపిల్లలు, వాటితో పాటు ఒక ఆడ గుర్రాన్నీ ఒక మగ గుర్రాన్నీ తెచ్చి రాజుగారి పడకటింట్లో పెట్టాడు.

అశ్వదళపతి వంగి చూసి, జీను ఎక్కడ వెయ్యాలని అడిగాడు. వేలెడంత లేని ప్రాణులవి. పరుగెత్తవు, సరిగా ఈదనూ లేవు. తలొంచుకుని నిలువుగా నిలబడి, దొరికిన కొమ్మకు తోక చుట్టేసి రోజంతా అలాగే ఉంటాయి. "అచ్చం మన కొలువే," అంది రాణి. అందరూ నవ్వారు. రాణిగారి మాటకు నవ్వకపోతే ఎలా?

వర్తకుడు వెళ్తూ వెళ్తూ ఒక్క మాట చెప్పాడు. "ఎండకు నీళ్లు ఆవిరవుతాయి ప్రభూ. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు, తొట్టిలోనే ఉంటుంది. తగ్గినంత మేరకు మంచినీళ్లు పోయించండి, చాలు." రాజు తలూపాడు.

ఆ రెండూ పొద్దున్నే ఎదురెదురుగా వచ్చి, తోకలు పెనవేసుకుని, తొట్టంతా కలిసి తిరిగేవి. రాజుకు తెల్లారి లేస్తే దణ్ణాలు పెట్టేవాళ్లే గాని, ఆప్యాయంగా పలకరించేవాళ్లు లేరు. మంచం మీద కూర్చుని వాటి పలకరింపు చూస్తుంటే ఆయనకు ప్రాణం లేచి వచ్చేది. అవి లేకపోతే తన గతేమిటని భయం కూడా పట్టుకుంది.

కొన్నాళ్లకు మగదాని పొట్టకున్న సంచి ఉబ్బింది. వాటిలో పిల్లల్ని మోసేది మగదేనట. ఆస్థాన పండితుడు గొంతు సవరించుకుని, ఇదంతా రాజుగారి పౌరుష ప్రభావమన్నాడు. ఆయనకు శాలువా కప్పారు.

ఎండలు ముదిరాయి, తొట్టిలో నీళ్లు దిగాయి. రాణి చెంబుతో మంచినీళ్లు తెచ్చి పొయ్యబోయింది. పెద్దమంత్రి గుండెలు బాదుకున్నాడు.

"అపచారం తల్లీ! ప్రభువుల సముద్రంలో చప్పిడి నీళ్లా? ప్రభువుల పరువు పలచబడదూ?"

ఆపైన రాజు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "మేమంతా తమ ఉప్పు తిన్నవాళ్లం. ఆ రుణం తీర్చుకోనివ్వండి. రోజూ మా ఇంటి ఉప్పు కలిపిన నీళ్లు తలా ఒక చెంబు తెచ్చి తొట్టిలో పోస్తాం." మంత్రి తానా అంటే కొలువంతా తందానా అంది.

"ఏవండీ, ఆ వర్తకుడు చెప్పింది మీరూ విన్నారుగా?" అంది రాణి.

"వాడు అమ్ముకుపోయేవాడు. వీళ్లు నావాళ్లు," అన్నాడు రాజు. ఆయన కళ్ల నుంచి ఆనందబాష్పాలు రాలాయి.

మొదటివాడు చిటికెడు ఉప్పు కలిపి తెచ్చాడు. అది చూసి రెండోవాడు పిడికెడు కలిపాడు. సేనాపతి చెంబులో నీళ్లకంటే ఉప్పే ఎక్కువ. ఆయన జీతం పెరిగిందని తెలిశాక ఇక ఊళ్లో ఉప్పన్నది దొరకలేదు. జనం చప్పిడి గంజి తాగారు. పాపం, వాళ్ల విశ్వాసం ఎవడికి కావాలి!

గుర్రాలు పొద్దుటి పలకరింపులు మానేశాయి. రొయ్యపిల్ల మూతి ముందు నుంచి పోతున్నా ముట్టలేదు. రాజుకు తిండి సయించలేదు. "ఏమైందయ్యా వీటికి?" అని మంత్రి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరో ఉప్పు ఎగ్గొడుతున్నారు ప్రభూ," అన్నాడు మంత్రి, కొలువు మీదికి ఒక చూపు విసిరి. మర్నాడు అందరూ ఉప్పు మూటలు కట్టుకుని వచ్చారు.

ఒకనాటి పొద్దున ఆడది తొట్టి అడుగున పడి ఉంది. మగది దాని తోకకు తన తోక చుట్టి వదలడం లేదు. రాజు చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. కొలువు కూడా భోరుమంది, పక్కవాడు తనకంటే గట్టిగా ఏడుస్తున్నాడేమోనని ఓరగా చూసుకుంటూ.

రాణి మళ్లీ చెంబు పట్టుకుని వచ్చింది. ఈసారి తొట్టి దగ్గరికి పోలేదు, తిన్నగా రాజు దగ్గరికే వచ్చింది.

"ఇవి మంచినీళ్లు. రోజూ కాసిని తోడేసి కాసిని పోస్తుంటే ఉప్పు దిగుతుంది. దాని సంచిలో పిల్లలున్నాయండీ, అవైనా బతుకుతాయి. నేను పోస్తే అపచారమట. మీరు పొయ్యండి, ఎవడడ్డొస్తాడో చూస్తాను."

రాజు తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నాలుక మండిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతా అర్థమైంది. రాణి చేతిలోంచి చెంబు అందుకుని తొట్టి మీదికి ఎత్తాడు. ఎవరూ వద్దనలేదు.

ఎత్తినవాడు ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. తల వంచుకుని, ఎవరి చెంబు వాళ్లు పట్టుకుని, అందరూ వరసగా నిలబడి ఉన్నారు. ఈ నీళ్లు పోస్తే ఇన్నాళ్లూ వాళ్లు పోసింది విషమని ఒప్పుకున్నట్టే. మరి అది చూసి తను కార్చిన ఆనందబాష్పాల మాటేమిటి? తనను ప్రేమించినవాడు వీళ్లలో ఒక్కడూ లేడా? ఆ సంగతి తెలిశాక రేపు పొద్దున ఏ మొహం పెట్టుకుని లేస్తాడు? తొట్టిలో ఉన్నది ఒక్క గుర్రం, ఇక్కడ ఉన్నది నిండు కొలువు.

చెంబు దించాడు. "దాహమేసింది," అని నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆగండి ప్రభూ!" పెద్దమంత్రి పరుగున వచ్చాడు. "చప్పిడి నీళ్లు తమరు తాగడమా? మేం బతికుండగానే!" మొలలోని మూట విప్పి, గుప్పెడు ఉప్పు చెంబులో వేసి, వేలితో కలియబెట్టాడు.

రాణి రాజు మొహంలోకి చూస్తూ నిలబడింది. తొట్టిలో మగదాని తోక సడలిపోయింది.

రాజు చెంబెత్తి చుక్క మిగల్చకుండా తాగేశాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు ఇంకాస్త పడొచ్చు," అన్నాడు.