గవరయ్య ఇంటి తుపాకి పరీక్ష

కొండకింద ఊళ్ళో గవరయ్య ఇంటివాళ్ళకి ఒక గర్వం ఉండేది. "జనం విన్నది విన్నట్టు నమ్మేస్తారు. మనం పరీక్షించి చూడందే ఏదీ నమ్మం" అని. ఇంటివాళ్ళంటే ముగ్గురే: గవరయ్య, అతని భార్య పైడమ్మ, తమ్ముడు సూరన్న. మొన్నటికి మొన్న నీళ్ళు తడిగా ఉంటాయో లేదో పరీక్షించి, ఉంటాయని తేల్చుకుని మరీ స్నానాలు చేశారు.

ఆ ఏడు అరెకరంలో మొక్కజొన్న వేశారు. ఏడాది తిండీ అదే, మళ్ళీ విత్తనమూ అదే. కంకులు ఎండి కోతకొచ్చేసరికి కొండ మీంచి కోతుల మంద దిగింది. రోజుకో సాలు ఖాళీ!

"ఏటయ్యా అలా చూస్తావు? ఏడాదంతా గాలి తిని బతుకుతామా?" అంది పైడమ్మ.

గవరయ్య గుమ్మం మీద వేలాడుతున్న తాతల నాటి తుపాకి దింపాడు. "ఖాళీ తుపాకి కూడా ఏడాదికోసారి తనంతట తానే పేలుద్దంటారు జనం. నిజమో కాదో పరీక్షిద్దాం" అన్నాడు.

అంతే! తుపాకిని పీట మీద కూర్చోబెట్టి, చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. మూడు రోజులు అలాగే కూర్చున్నారు. తుపాకి పేలలేదు. పొలంలో మూడు సాళ్ళు మాత్రం పోయాయి.

పక్కింటి అప్పలస్వామి ఇదంతా చూశాడు. ఆయన సిపాయిగా పనిచేసి ఇంటికొచ్చినవాడు, వరసకి వీళ్ళకి మావ. "ఒరే అల్లుళ్ళూ, గుండు లేకుండా తుపాకి ఎలా పేలుద్దిరా?" అని నవ్వుకుంటూ పోయాడు.

ఇంకేముంది! సూరన్న మంగలి దగ్గరకు పరిగెత్తి, నున్నగా గుండు గీయించుకొచ్చాడు.

"గుండు తెచ్చానన్నా! పెట్టు!"

గవరయ్య తుపాకి గొట్టాన్ని తమ్ముడి నెత్తికి ఆనించి అటూ ఇటూ తిప్పాడు. "దూరదేంట్రా? మరీ పెద్ద గుండు."

"చిన్నప్పుడే దూర్చెయ్యాల్సింది. ఇప్పుడు ముదిరిపోయింది" అంది పైడమ్మ.

తిప్పగా తిప్పగా గొట్టంలో గూడు కట్టుకున్న కందిరీగలకి కోపమొచ్చింది. జుయ్యిమని బయటికొచ్చాయి. అంతే! సూరన్న గుండు కాస్తా కాకరకాయైపోయింది.

కేకలు విని అప్పలస్వామి మళ్ళీ వచ్చాడు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "ఇదేం గుండురా నాయనా! అయినా తుపాకికి గుండొక్కటే చాలా? మందు వెయ్యొద్దూ?" అని పోయాడు.

పైడమ్మ గబగబా దగ్గుమందు సీసా తెచ్చింది.

"ఆగు వొదినా! పరగడుపున మందు పడదు. తాత పోయినకాణ్ణించీ అది మెతుకు ముట్టలేదు, పాపం" అన్నాడు సూరన్న నెత్తి గోక్కుంటూ.

నిజమే కదా అనుకున్నారు. ముందు గొట్టంలో చెంబెడు గంజి పోశారు. ఆ పైన మూడు చెంచాల మందు పోశారు. చాప మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు.

సాయంత్రానికి గవరయ్య అడిగాడు. "ఏరా, పేలిందా?"

"లేదన్నా."

"పోనీ, దగ్గిందా?"

"ఒక్కసారి కూడా దగ్గలేదన్నా!"

"చూశావా, మందు పట్టింది!"

మర్నాడు అప్పలస్వామి దుప్పటి ఎత్తి చూశాడు. "తడిసిన మందే పేలదు. గంజి తాగిన తుపాకి పేలుద్దా? దాన్ని అటకెక్కించండిరా! కోతులకి కావలసింది చప్పుడు. ఏదో ఒకటి టపటపా పేలితే చాలు, పొలంలో ఒక్క కోతి నిలవదు" అన్నాడు.

ఆయనటు వెళ్ళగానే పైడమ్మ ఎగిరి గంతేసింది. "టపటపా పేలేది మన పొలంలోనే ఉంది కదయ్యా! పేలాలు!"

"వొదిన తెలివే తెలివి!" అన్నాడు సూరన్న.

"ఎంత పేలితే కోతులకి అంత భయం" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది! మిగిలిన కంకులన్నీ, ఒక్కటీ వదలకుండా విరుచుకొచ్చారు. గింజలొలిచారు. వాకిట్లో పొయ్యి పెట్టి, మంగలంలో ఇసుక కాచి, దోసెళ్ళ కొద్దీ గింజలు పోశారు. టప్! టప్! టపటపటపా! పొలంలో ఉన్న కోతులు బెదిరి నిజంగానే కొండెక్కేశాయి.

"పరీక్ష నెగ్గాం!" అని ముగ్గురూ చిందులేశారు.

కాసేపటికి కమ్మటి వాసన కొండదాకా పోయింది. కోతులు ఒక్కొక్కటే దిగి వాకిట్లో బారులు తీరి కూర్చున్నాయి. కడుపు నిండా పేలాలు తిన్నాయి. సూరన్న కాకరకాయ గుండుని ఓ పిల్లకోతి ముచ్చటగా తడిమి చూసింది.

అప్పలస్వామి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "ఏట్రా ఇది!"

"నువ్వన్న మాట నిజమే మావా. పొలంలో ఒక్క కోతైనా ఉందేమో చూడు! అన్నీ ఇక్కడే ఉన్నాయి" అన్నాడు గవరయ్య.

"మరి ఏడాది తిండి? విత్తనం?"

"ఆమాత్రం తెలీదా మాకు? బుట్టెడు పేలాలు విత్తనానికి దాచాం. వచ్చే పంట పేలాలుగానే కాస్తుంది. వేయించే పని కూడా ఉండదు" అంది పైడమ్మ.

"ఒకసారి పేలింది మళ్ళీ మొలవదే పిచ్చితల్లీ! మళ్ళీ పేలదు కూడా!"

"పరీక్షించందే నమ్ముతామా మావా?" అన్నాడు సూరన్న.

తొలివాన పడగానే బుట్టెడు పేలాలూ సాళ్ళలో విత్తారు. పేలితే చెవులు పగిలిపోతాయని, ముగ్గురూ గట్టు మీద కూర్చుని చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. నిప్పురవ్వలు పడతాయేమోనని కళ్ళు కూడా గట్టిగా మూసుకున్నారు.

దారిన పోతున్న అప్పలస్వామి అది చూసి, "ఒరే అల్లుడూ, కోతులు! కోతులురా!" అని గొంతు చించుకుని అరిచాడు. సాళ్ళ వెంట కోతులు ఒక్కో పేలమే ఏరి, మట్టి దులిపి, నోట్లో వేసుకుంటూ వస్తున్నాయి.

ఆ అరుపు సన్నగా చెవిన పడి, గవరయ్య కళ్ళు తెరవకుండానే పెళ్ళాన్ని మోచేత్తో పొడిచాడు.

"విన్నావా? పేలడం మొదలైంది!"